ముందే రాసిన దినం

గిద్దలూరు,
6 ఆగస్టు 1931.

అన్నకు,

వారం రోజులుగా కాగితం ముందు పెట్టుకోవడం, రాయలేక లేచిపోవడం. నువ్వు చదువుకున్నవాడివి, మార్కాపురం గుడిలో ప్రసంగాలు చెప్పేవాడివి. నేను ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీని. తప్పు మాట్లాడి ఉంటే నువ్వే చెప్పాలి.

ఇక్కడికి మూడు మైళ్ళలో నేను వారానికి రెండుసార్లు వెళ్ళే పాలెం ఉంది. అక్కడ ఆదెమ్మ అని కూలి చేసుకునే మనిషి. పోయిన నెల ఆమె తొమ్మిదేళ్ళ కూతురు నీళ్ళకు వెళ్ళి మాలకొండయ్య అనే రైతు దిగుడుబావిలో పడి చనిపోయింది. పడిందనడం కూడా సరికాదు. బావి పక్కగోడ రాళ్ళు రెండేళ్ళ నుంచి కదులుతున్నాయి. పిల్ల కాలు పెట్టిన మెట్టు గోడతో సహా జారిపోయింది. సమాధి దగ్గర మా ఉపదేశి విశ్వాసం గారు, "ఇది లోకం పుట్టకముందే దేవుడు రాసిపెట్టిన దినం, ఏడవొద్దు" అని ప్రార్థన ముగించారు.

ఆదెమ్మ ఏడవలేదు. అన్నమూ ముట్టలేదు. అయిదో రోజు నేను వెళితే గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది:

"అక్కా, మా అవ్వ తలరాత అనేది. బ్రమ్మ రాసినాడనేది. మీరొచ్చి బ్రమ్మ లేడన్నారు. రాసింది మాత్రం అట్నే ఉండాదా? రాసేటోడు మారినాడు, అంతేనా?"

నా నోట వచ్చిన మాట ఆలోచించి చెప్పింది కాదు. "దేవుడు రాయలేదు ఆదెమ్మా. నీ బిడ్డ కడవ ఎత్తుకుని పోతుంటే, తిరిగి ఇంటికొస్తుందనే ఆయన కూడా చూస్తా ఉండినాడు" అన్నాను. అబ్రాహాము కొడుకును కట్టేసి కత్తి ఎత్తిన తర్వాతే దేవుడు "ఇప్పుడు నాకు తెలిసింది" అన్నాడు కదా, ఆ భాగం తీసి చదివాను.

"అయితే ఆయనకూ కడుపు కాలినట్టేనా?"

అవునన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను లేచి వచ్చేలోగా రెండు గుక్కలు గంజి తాగింది.

ఇంకో సంగతి. మన చెల్లెలు ఏసమ్మ కాన్పు కష్టమైనప్పుడు యర్రగొండపాలెం నుంచి నీకు చీటీ తెచ్చిన గురవయ్య ఇప్పుడు ఈ పాలెంలోనే ఉంటున్నాడు. దారిలో కల్లు తాగుతూ కూర్చుని సోమవారం దాకా చీటీ ఇవ్వలేదని, ఏసమ్మ అందుకే పోయిందని, పెళ్ళాం పోయిన దుఃఖంలో కృపాకర్ మరిది అతన్ని ఊళ్ళో ఉండనివ్వలేదు కదా. ఆ పూట వాకిట్లో కూర్చుని నా మాటలన్నీ విన్నాడు. నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు.

నేనన్నది తప్పయితే రాయి.

విజయమ్మ.


మార్కాపురం,
14 ఆగస్టు.

చెల్లెమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆదెమ్మ మీద నీ జాలి నాకు అర్థమైంది. జాలి వేరు, బోధ వేరు.

సమూయేలు మొదటి గ్రంథం పదిహేనో అధ్యాయం తీసి చూడు. దేవుడు నరుడు కాడు, పశ్చాత్తాపపడడు అని స్పష్టంగా ఉంది. నూట ముప్పై తొమ్మిదో కీర్తనలో, మన దినాల్లో ఒక్కటైనా రాకముందే అన్నీ ఆయన గ్రంథంలో ఉన్నాయని ఉంది. వెయ్యేళ్ళు ఆయనకు ఒక దినం లాంటివని పేతురు రాశాడు. నల్లమల కనమ మీద నిలబడితే కింద రోడ్డంతా ఒకేసారి కనిపిస్తుంది కదా. బండివాడికి మలుపు అవతల ఏముందో తెలియదు. పైనున్నవాడికి ముందుదీ వెనుకదీ ఒక్క చూపే. దేవునికి కాలం అట్లాంటిది.

మరి "ఇప్పుడు నాకు తెలిసింది" అని ఎందుకన్నాడంటావా? చంటిబిడ్డతో తల్లి ముద్దుమాటలు ఆడినట్టు, ఆయన మన భాషలోకి దిగి మాట్లాడతాడు. చెంగుతో మొహం కప్పుకుని "ఏదీ నా బిడ్డ, ఏదీ" అనే తల్లికి బిడ్డ ఎక్కడుందో తెలియదా?

డిసెంబరు సంఘ సభలో నన్ను పాస్టరుగా అభిషేకించే సంగతి తేలుస్తారు. ఈ సమయంలో మన ఇంట్లోంచి ఇట్లాంటి మాటలు బయటికి పోకూడదు. అయినా నీ ఆలోచన ఏమిటో వివరంగా రాసి పంపు. ఎక్కడ తప్పుందో చూపిస్తాను.

గురవయ్య నాలుగేళ్ళ కిందటి సంగతి ఏమైనా ఎత్తాడా? ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. తాగేవాడి మాట ఎవరూ నమ్మరనుకో. అయినా తెలిసి ఉండటం మంచిది.

నీ అన్న,
సంజీవరావు.


గిద్దలూరు,
27 ఆగస్టు.

అన్నా,

గురవయ్య ఏమీ అనలేదు. ఎందుకడిగావో అర్థం కాలేదు. అతను తాగుతుండగా ఇక్కడ ఎవరూ చూడలేదని మాత్రం ఆదెమ్మ చెప్పింది.

నువ్వు అడిగావు కాబట్టి నా ఆలోచన రాస్తున్నాను. పదిహేనో అధ్యాయం నేనూ తీశాను. పశ్చాత్తాపపడడని ఒకచోట ఉంది, నిజమే. అదే అధ్యాయంలో దానికి ముందు ఒకసారి, ఆఖరున ఒకసారి, సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడనే ఉంది. ఒక్క మాటను నిజమని పట్టుకుని రెండు మాటలను ముద్దుమాటలని తీసేయడం ఏం న్యాయం? జబ్బుపడిన హిజ్కియా రాజుతో దేవుడు చనిపోతావన్నాడు. అతను గోడవైపు తిరిగి ఏడిస్తే ఇంకో పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. నీనెవె పట్టణాన్ని నాశనం చేస్తానని నలభై దినాల గడువు పెట్టాడు. వాళ్ళు మారితే తానూ మారాడు. అన్నీ ముందే రాసి ఉంటే ఈ కొట్టివేతలు ఎందుకు?

తల్లి పోలిక బాగుంది. మొహం కప్పుకుని ఆడించే తల్లికి బిడ్డ ఎక్కడుందో తెలుసు. అయితే ఏ తల్లయినా శవం ముందు ఆ ఆట ఆడుతుందా?

కనమ మీద నిలబడినవాడి సంగతీ ఆలోచించాను. కింద వాగు మీద వంతెన కూలి ఉంది, బండి వస్తోంది, పైనున్నవాడికి అంతా కనబడుతోంది. కేక వేయకుండా ఊరుకుంటే ఆయన్ని దేవుడంటామా, తెలిసీ పక్కకు తిరిగి పోయినవాడంటామా? ఆయన పక్కకు తిరిగి పోయేవాడని నేను నమ్మలేను. అందుకే ఆయనకు ముందే తెలియదనుకుంటున్నాను.

మొన్న ఆదెమ్మ లేచి మాలకొండయ్య చేను దగ్గరికి పోయింది. నేను పంపలేదు. వెంట మాత్రం పోయాను.

"నాయనా, బావి పక్క ఎప్పుడు కట్టిస్తావు?"

"మీ అయ్యగారే చెప్పినాడంట గదా, దినం ముందే రాసి ఉండాదని. ఇంక నా బావి ఏం జేసె?"

"రాసి లేదంట నాయనా. రాళ్ళు కదుల్తాన్నాయని మా ఆయన రెండుసార్లు నీకు చెప్పినాడు. నువ్వు ఇంటివి. ఇని ఊరకుండినావు."

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పాలెం ఆడవాళ్ళెవరూ ఆయన చేలో కలుపుకు పోలేదు. బావి కట్టేదాకా పోమంటున్నారు.

విజయమ్మ.


మార్కాపురం,
5 సెప్టెంబరు.

విజయమ్మకు,

తెలిసీ పక్కకు తిరిగి పోయినవాడు. ఈ మాట ఎవరిని ఉద్దేశించి రాశావు? దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మనిషిని అంటున్నావా? "ఇని ఊరకుండినావు" అని ఆదెమ్మ నిజంగా అందా, నాకోసం నువ్వు కలిపి రాశావా? గురవయ్య ఏమీ అనలేదంటూనే అతను తాగడని నాకు ఎందుకు చెప్పావు? సూటిగా అడుగుతున్నాను. అతను నీతో ఏం చెప్పాడు?

ఓదార్పుతో మొదలుపెట్టి కూలి మాన్పించేదాకా వచ్చావు. కంభం మిషను దొరగారి దాకా పోతే నీ పని ఊడుతుంది. ఆ బోధ ఆపు.

నీ కవరు నాకు చేరేటప్పటికి అంటించిన చోట ఊడి ఉంది. నీ టపా మీ విశ్వాసం గారి చేతుల మీదుగానే పోతుంది కదా. జాగ్రత్త.

సంజీవరావు.


గిద్దలూరు,
3 అక్టోబరు.

సంజీవరావు గారికి,

పోయిన బుధవారం దొరగారు నన్ను కంభం పిలిపించారు. ఇంగ్లీషులో రాసుకున్న కాగితం చూస్తూ తెలుగులో అడిగారు: "దేవుడు తెలిసీ పక్కకు తిరిగి పోయినవాడు అని నువ్వు బోధిస్తున్నావా?" అట్లా కాదని చెప్పబోయాను. వినలేదు. సంఘ సభ తేల్చేదాకా నేను ఎవరింటికీ వాక్యం తీసుకుని పోకూడదట. నా సంచీ, పటాలు అక్కడే పెట్టించుకున్నారు.

రైలు దిగి నేరుగా విశ్వాసం గారింటికి పోయాను. మీరు రాసిన మాటే మనసులో ఉంది. ఆయన భార్యాబిడ్డల ముందే, "నా ఉత్తరాలు విప్పి చదివేది మీరేనా?" అన్నాను. పెద్దాయన భోంచేస్తూ లేచి నిలబడ్డాడు. "అమ్మా, నీ బోధ తప్పని నీ మొహం మీదనే చెప్పినాను. చాటుగా చెప్పే పని నాకేంది? నీ టపా టపాగానే పంపినా" అని బైబిలు మీద చెయ్యి పెట్టాడు. ఆయన భార్య విస్తరి తీసేస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. పక్కకు తిరిగి పోయినవాడు అన్న మాట నేను ఆదెమ్మతో అనలేదు. ప్రార్థనలో అనలేదు. ఈ భూమి మీద ఒక్కచోటే రాశాను. ఆ కాగితం మీ దగ్గర ఉంది.

సొంత చెల్లెలి ఉత్తరం దొరగారికి ఎందుకు ఇచ్చారో అప్పటికి నాకు తెలియలేదు. మీ ఉత్తరాలు మళ్ళీ చదివితే, రెండింటిలోనూ గురవయ్య ఏం చెప్పాడని ఉంది. అతనేమీ చెప్పలేదు. మీరు అడిగారు కాబట్టి వెళ్ళి నేను అడిగాను. "మా అన్నే నీ మాట అడుగుతున్నాడు" అంటే చెప్పాడు. అతని మాటలే రాస్తున్నాను.

"నేను శుక్రవారం పొద్దుగూకినాక బయల్దేరినానమ్మా. శనివారం మద్దేనానికి మార్కాపురంలో ఉండా. మీ అన్న సభ పందిట్లో ఉండినాడు. చీటీ ఆయన చేతికే ఇచ్చినా. చదివి జేబులో పెట్టుకుని, ఈడనే ఉండు, బండి మాట్లాడి ఇద్దరం పోదాం అన్నాడు. ఆయన వసారాలోనే రెండు దినాలు కూర్చున్నా. సోమవారం బండి కట్టినాడు. ఆడ బండి దిగంగానే కృపాకర్ అడిగె, చీటీ ఎప్పుడందింది బావా అని. ఈ పొద్దున అన్నాడు. నేను పక్కనే ఉండా. తప్పు దొర్లిందేమో, ఆయనే దిద్దుకుంటాడులే అనుకున్నా. ఆ పొద్దు చెప్పలా. మూడో దినమూ చెప్పలా. ఆ తర్వాత నేను చెప్తే ఎవురు నమ్ముతారు?"

ఆ చీటీలో, మార్కాపురంలో కాన్పులు చేసే నర్సమ్మను వెంటబెట్టుకుని వెంటనే రమ్మని రాశానని కృపాకర్ అప్పట్లోనే చెప్పాడు. ఏసమ్మ ఆదివారం సాయంకాలం దాకా బతికే ఉంది.

మీరు నాకు చూపించిన వచనంలో పశ్చాత్తాపపడడు అనే మాటకు ముందు ఇంకో మాట ఉంది. అబద్ధమాడడు. మీరు దాన్ని వదిలేసి రాశారు.

విజయమ్మ.


మార్కాపురం,
12 అక్టోబరు.

విజయమ్మా,

గురవయ్య చెప్పింది నిజం.

ఆ ఆదివారం పెద్దల ముందు నాకు మొదటి ప్రసంగం ఇచ్చారు. చీటీ చదివాను. తొలికాన్పు, నొప్పులు రెండు మూడు రోజులుంటాయి, ప్రసంగం కాగానే పోదామనుకున్నాను. నర్సమ్మకు కూడా చెప్పలేదు. చెబితే అప్పుడే బయల్దేరదామంటుందని నాకు తెలుసు. సోమవారం తెల్లవారుతూనే ఆమెను ఎక్కించుకుని పోయాను. ఊరి మొదట్లోనే ఎవరో ఎదురొచ్చి, బిడ్డ కూడా దక్కలేదన్నారు.

కృపాకర్ అడిగినప్పుడు ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు. తర్వాత దిద్దుకోవాలనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను. ఈలోగా గురవయ్య తాగాడని వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. నేను అవునన్లేదు, కాదన్లేదు.

అప్పటి నుంచి ఆ కీర్తన ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఏసమ్మ దినం ముందే గ్రంథంలో ఉంటే, నేను శనివారం పోయినా సోమవారం పోయినా ఒకటే. అది పట్టుకునే ఈ నాలుగేళ్ళు గుడిలో నిలబడ్డాను. నువ్వు ఆ పుస్తకంలో రాసి లేదన్నావు. అదీ గురవయ్య వింటుండగా అన్నావు. అంతా తెలుసుకుని, వాక్యం చాటున నన్నే పొడుస్తున్నావనుకున్నాను. నువ్వు నా గుట్టు బయటపెట్టకముందే నీ మాటకు విలువ లేకుండా చేయాలనుకున్నాను. నీ ఉత్తరం దొరగారికి ఇచ్చింది నేనే. కవరు ఊడి లేదు. విశ్వాసం గారి మీదికి నీ మనసు పోవాలని అట్లా రాశాను.

ఒక్కటి చెప్పు. శనివారమే పోయి ఉంటే ఏసమ్మ బతికేదా?

సంజీవరావు.


గిద్దలూరు,
20 అక్టోబరు.

సంజీవరావు గారికి,

బతికేదో లేదో నాకు తెలియదు. నర్సమ్మను అడిగినా తెలియదంటుంది. దేవుణ్ణి అడగడం మీ వంతు. దానికి నా దగ్గర జవాబు ఆశించి ఇంకో ఉత్తరం రాయవద్దు.

నాకు తెలిసింది రాస్తాను. ఆ శనివారం అయిపోయింది. దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కానీ ఆ తర్వాత నాలుగేళ్ళ దినాలున్నాయి. వాటిలో ఏ ఒక్క దినమైనా మీరు యర్రగొండపాలెం పోయి నిజం చెప్పి ఉండొచ్చు. అవన్నీ కూడా ముందే రాసినవేనా? రోజూ పొద్దున లేచి, ఈ రోజు చెప్పను అని ఎవరు రాశారు?

గురవయ్య భార్య ఈ పాలెంలోనే జ్వరంతో పోయింది. సొంత ఊళ్ళో పొలం పనులు చేసుకుని బతికినవాడు ఇక్కడ గొడ్ల దగ్గర పడుకుంటున్నాడు. అతనికి వాళ్ళ ఊరి నుంచి పెళ్ళికీ చావుకూ కబురు రాదు. మీకు ఏసమ్మ ఒక్కటే కనబడుతోంది. చనిపోయిన మనిషి కోసం ఏడవడం తేలిక. బతికున్నవాడి మొహం చూసి చెప్పడం కష్టం.

నేను విశ్వాసం గారింటికి మళ్ళీ పోయాను. వాకిట్లో నిలబడి, తప్పు నాదని ఆయన భార్యాబిడ్డలు వింటుండగా చెప్పాను. ఆయన లోపలికి రమ్మన్నాడు గానీ నా మొహం చూడలేదు. అంత చిన్న తప్పుకే నాకు అట్లా ఉంది.

మాలకొండయ్య నిన్న ఇద్దరు మేస్త్రీలను పంపి బావి పక్క కట్టిస్తున్నాడు. తప్పు ఒప్పుకుని కాదు, చేనుకు కూలీలు లేక. ఆదెమ్మ పోయి ప్రతి రాయీ కదిలించి చూస్తోంది.

కృపాకర్‌కు నేను రాయను. గురవయ్య చేత చెప్పించను. చెప్పాల్సిన మనిషి మీరు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకండి.

విజయమ్మ.


యర్రగొండపాలెం,
15 నవంబరు, ఆదివారం.

విజయమ్మా,

ఇక్కడికి వచ్చి మూడు రోజులైంది. మార్కాపురంలో బయల్దేరే ముందు దొరగారికి రాసిచ్చాను. అది అన్నాచెల్లెళ్ళ మధ్య ఉత్తరమని, నా భయం కొద్దీ ఇచ్చానని, అభిషేకానికి నా పేరు తీసేయమని. నీ బోధ సరైనదని మాత్రం రాయలేదు. దేవునికి రేపు తెలియదనడానికి నాకింకా మనసొప్పడం లేదు. అది మనం ఎప్పుడైనా ఎదురెదురుగా కూర్చుని వాదించుకోవాలి, నువ్వు ఒప్పుకుంటే.

మొదటి రెండు రోజులు కృపాకర్ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను, చెప్పలేదు. అతను నాకు మంచం వేసి తను కింద పడుకున్నాడు. నిన్న మాటల్లో, "గురవయ్య మామ కాస్త ముందొచ్చింటే" అని మొదలుపెట్టాడు. నేను లేచి బయటికి పోయాను. ఇక తిరిగి వెళ్ళిపోదామనే అనుకున్నాను.

ఈ పొద్దున ఆరాధన అయ్యాక నన్ను ప్రార్థన చేయమన్నారు. లేచి నిలబడ్డాను. చెబుతానో, ప్రార్థన చేసి కూర్చుంటానో అప్పటికీ నాకే తెలియదు. దేవునికి తెలిసి ఉంటే ఆయన నాకు చెప్పలేదు. "చీటీ నాకు శనివారమే అందింది" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె, గురవయ్య వాళ్ళ పెద్దమ్మనుకుంటాను, గట్టిగా ఏడ్చింది.

కృపాకర్ ఏడవలేదు. నన్ను కొడతాడనుకున్నాను, కొట్టలేదు. అందరూ లేచిపోయేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత ఇంటికి పోయి చేతికర్రా, సద్దిమూటా తీసుకుని బయటికొచ్చాడు.

"గురవయ్య మామ ఏ ఊళ్ళో ఉండాడు?"

చెప్పాను. ఏ స్టేషన్లో దిగాలో, అక్కడి నుంచి పాలెం ఎటో చెప్పాను.

"ఆడ వదిన తప్ప నన్ను ఎవురూ ఎరగరు. ఆమెకు కాగితం రాసియ్యి."

ఆ కాగితమే ఇది. నేను రాస్తుంటే అతను వాకిట్లో నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేనూ వస్తానన్నాను. "నువ్వు తర్వాత రా. ముందు నేను పోవాల. నాలుగేండ్లు ఆ మనిషిని తిట్టింది నేను" అన్నాడు.

అతను వచ్చేటప్పటికి గురవయ్య ఎక్కడైనా చేలో ఉంటే పిలిపించు. ఎందుకో నువ్వు చెప్పకు. తానే చెప్తానంటున్నాడు.

సంజీవరావు.